రేపు ఈ ఊరికి ఫుట్‌బాల్ జట్టు తేబోయే పెద్దలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీరెవరో నాకు తెలియదు. జట్టు పెట్టాలన్న ఆలోచన మీకే ఇంకా వచ్చి ఉండకపోవచ్చు. కానీ ఫుట్‌బాల్‌లో ఇంత పేరు మోసిన హైదరాబాద్ నగరం ఇండియన్ సూపర్ లీగ్ అనే పెద్ద లీగులో జట్టు లేకుండా ఎల్లకాలం ఉండిపోదని నా నమ్మకం. ఇవాళ కాకపోతే రేపు ఒక వ్యాపార కుటుంబమో, ఒక కంపెనీయో, నలుగురు స్నేహితులో హైదరాబాద్ పేరు మీద జట్టు పెడతారు. ఆ కాగితాల మీద సంతకం చేసేలోపు ఈ ఉత్తరం మీ కంట పడాలని ముందుగానే రాసిపెడుతున్నాను.

నాది మెట్టుగూడ. బ్యాంకు ఉద్యోగం. మా తాత, మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెలు బాగుచేసినవాళ్లు. నేను ఏ అసోసియేషన్‌లోనూ లేను, ఏ పదవీ అడగడం లేదు. మీరు పెట్టబోయేది ఒక కంపెనీ అని మీ ఆడిటరు చెబుతాడు. ఆటగాళ్ల కాంట్రాక్టులు, స్టేడియం అద్దె, టీవీ హక్కులు, స్పాన్సర్ల డబ్బు అన్నీ లెక్క కట్టి చూపిస్తాడు. ఆ లెక్కలో ఎక్కడా కనిపించని మనుషులు కొందరుంటారు. జట్టు ఓడిన రాత్రి వాళ్లకు అన్నం సయించదు. వాళ్లెందుకలా ఉంటారో తెలుసుకోకుండా జట్టు పెట్టకండి. అది చెప్పడానికే ఇదంతా.

2019 నవంబరు 2, శనివారం. అప్పట్లో పెద్ద లీగులో మన ఊరికున్న జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ. గచ్చిబౌలి స్టేడియంలో దానికి సొంత ఊళ్లో మొదటి మ్యాచ్. అంతకుముందు బయట ఆడిన రెండూ ఓడారు. కోల్‌కతాలోనైతే ఐదు గోల్స్ తిన్నారు. మా నాన్నకు అప్పుడు డెబ్బై ఐదేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇంట్లో టీవీలో చూద్దాం నాన్నా అంటే వినలేదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్లికి బయల్దేరినట్టు కుర్చీలో కూర్చున్నారు. మెట్రోలో హైటెక్ సిటీ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కాం. ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్. వాళ్ల అభిమానులు డప్పులతో దిగారు. మొదటి గోల్ వాళ్లదే. నాన్న ఏమీ మాట్లాడలేదు, చేతికర్ర పిడిని తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత పెనాల్టీతో లెక్క సరిపోయింది. 81వ నిమిషంలో మన మార్సెలిన్హో కొట్టిన ఫ్రీకిక్ వలలో పడింది.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. నాన్న లేచి నిలబడ్డారు, కర్ర కింద పడింది, ఎడమ కాలి చెప్పు రెండు వరుసల కిందికి జారిపోయింది. ఆయన పక్కన అప్పటిదాకా పలకరించుకోని పెద్దాయన ఒకరున్నారు. తెల్ల టోపీ, మెహందీ పెట్టిన గడ్డం, బార్కస్ నుంచి మనవడితో వచ్చారట. చివరి విజిల్ వినిపించేసరికి ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఉన్నారు. ఆయన "అప్నే బచ్చే, సాబ్, అప్నే బచ్చే" అంటున్నారు. మా నాన్న "మనోళ్లు, మనోళ్లు" అంటున్నారు. ఆ మనవడు కిందికి దిగి చెప్పు తెచ్చి, వంగి నాన్న కాలి దగ్గర పెట్టాడు.

"మనోళ్లు" అన్న ఆ మాట దగ్గర మిమ్మల్ని కాసేపు ఆపాలి. మన భాషలో మేము వేరు, మనం వేరు. మేము అన్నామంటే ఎదుటివాడు అందులో లేడు. మనం అన్నామంటే వాడూ ఉన్నాడు. అభిమాని ఎప్పుడూ మనమనే అంటాడు. మ్యాచ్ గెలిచి బయటికొస్తూ ముక్కూ ముఖం తెలియని ఆటో అతనితో "మనం గెలిచాం అన్నా" అంటాడు. మ్యాచ్ చూడని ఆటో అతను కూడా "ఎంతకు గెలిచినం?" అని అడుగుతాడు. ఆ ఒక్క మాటతో వాడూ లోపలికి వచ్చేస్తాడు. ఇంత పెద్ద నగరంలో, పక్క ఫ్లాటు వాళ్ల పేరు కూడా తెలియని నగరంలో, కొత్తవాణ్ణి నిలబెట్టి "మనం" అనగలిగే చోట్లు ఎన్ని మిగిలాయో ఆలోచించండి.

అమెరికాలో రాబర్ట్ చియాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన తోటివారితో కలిసి 1976లో ఒక పరిశోధన ప్రచురించాడు. వాళ్ల ఊరి ఫుట్‌బాల్ వేరే ఆట, కానీ మనసు ఒకటే. తమ యూనివర్సిటీ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం యూనివర్సిటీ పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువయ్యారట. ఆట గురించి అడిగితే గెలుపు దగ్గర "మనం" అనడం, ఓటమి దగ్గర "వాళ్లు" అనడం ఎక్కువగా కనిపించిందట. నిజమే, అలాంటివాళ్లు ఇక్కడా ఉంటారు. కానీ మీ జట్టును నిలబెట్టేది వాళ్లు కాదు. నిలబెట్టేది "ఇవాళ కూడా ఓడిపోయాం" అని మనమన్న మాట విడవకుండా చెప్పేవాడు. మీరు ఆఫీసులో "మా జట్టు" అంటారు. అతను స్టాండులో "మన జట్టు" అంటాడు. రెండూ ఒకే జట్టు గురించే. తేడా మాత్రం మీరు సంతకం పెట్టే ప్రతి కాగితంలోనూ బయటపడుతుంది.

ఈ మనమనే మాట ఎక్కడ పుట్టిందో మా ఇంటి కథలోనే ఉంది. మా తాత జనగామ దగ్గరి పల్లె నుంచి నిజాం కాలంలో వర్క్‌షాపు పనికి వచ్చాడు. చుట్టాలు లేరు, ఉర్దూ సరిగా రాదు. వారమంతా ఇనుము, నూనె, పెట్టెల కింద పడుకుని బోల్టులు బిగించడం. ఆదివారం ఎవరో సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఆట చూడ్డానికి తీసుకెళ్లారు. "ఆ రోజు పక్కోడు నా భుజం మీద చెయ్యేసిండు, అప్పుడే ఈ ఊరు నాది అనిపించింది" అని నాన్నతో చెప్పేవాడట. ఇంగ్లండులో జరిగిందీ ఇదే. పల్లెలు వదిలి మిల్లులకు, గనులకు వచ్చిన లక్షల మంది ఇరుకు వీధుల్లో చేరారు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా బట్టల మిల్లుల్లో ఆడవాళ్ల, పిల్లల పని ఆపించింది. దాంతో మిల్లే ఆగేది, మగవాళ్లకూ తీరిక దొరికేది. శనివారం మూడింటికి మ్యాచ్ మొదలుపెట్టే అలవాటుకు దారి వేసింది ఆ సగం సెలవే. మాంచెస్టర్ యునైటెడ్ ఇవాళ ప్రపంచమంతా తెలిసిన పేరు. 1878లో అది న్యూటన్ హీత్ అనే చోట రైలు పెట్టెల వర్క్‌షాపు కార్మికులు పెట్టుకున్న జట్టు. ఈ సంగతి నేను చెప్పినప్పుడు నాన్న చాలాసేపు ఊరుకుని, "అంటే మన లాలాగూడోళ్లే గదా" అన్నారు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తగా నేర్పాలని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. సయ్యద్ అబ్దుల్ రహీం ఈ ఊరి బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ ఏడాది మొదలుకుని వరసగా ఐదేళ్లు, 1954 దాకా, బొంబాయి రోవర్స్ కప్పు మన పోలీసులదే. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ 1956-57లోనూ, 57-58లోనూ హైదరాబాద్ గెలిచింది. రహీం సాబ్ నడిపిన భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తా నాటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. అప్పటి నుంచి భారతదేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం చూడలేదు.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గురించి ఒక మాట చెబుతారు. ప్రాక్టీసుకు హైదరాబాద్ దాకా రావడానికి డబ్బుల్లేవని ఆ కుర్రాడు చెబితే, సైకిల్ అద్దెకు తీసుకొమ్మని రహీం సాబ్ రోజుకు రూపాయి ఇచ్చేవారట. ఆ కుర్రాడే మెల్‌బోర్న్ వెళ్లాడు, జకార్తాలో బంగారం గెలిచిన జట్టులో ఆడాడు. నాన్న ఫతే మైదాన్‌లో ఆయన ఆట చూశారు. ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియమే అప్పటి ఫతే మైదాన్. నిన్న తిన్న కూర మరిచిపోతారు కానీ, బలరాం ఎడమ వైపు నుంచి బంతిని ఎలా లోపలికి కోసుకొచ్చేవాడో వంటింట్లో పప్పు డబ్బాలు అటూ ఇటూ జరిపి చూపిస్తారు.

ఆ తరంలోనూ, ఆ తర్వాతా మన ఊరి ఆటగాళ్లు చాలామంది కలకత్తా వెళ్లిపోయారు. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు మన నయీముద్దీన్. మహమ్మద్ హబీబ్‌ను అక్కడివాళ్లు బడే మియా అని పిలుచుకున్నారు. 1977 సెప్టెంబరులో పెలే ఆడిన అమెరికా జట్టు కాస్మోస్‌తో కలకత్తా జట్టు మోహన్ బగాన్ 2-2తో డ్రా చేస్తే, అందులో ఒక గోల్ హబీబ్‌ది. హైదరాబాదీ ముస్లిం కుర్రాళ్లను, సికింద్రాబాద్ తమిళ ఇంటి పిల్లవాడు బలరాంను బెంగాలీలు "మా వాళ్లు" అని ఎత్తుకున్నారు. అక్కడ జట్టంటే ఏమిటో అర్థమైతే ఇదెలా సాధ్యమైందో తెలుస్తుంది.

ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920లో పుట్టింది. 1947లో దేశం రెండు ముక్కలయ్యాక తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది మంది ఇళ్లూ వాకిళ్లూ వదిలి కలకత్తా చేరారు. ఊరు పోయింది, చెరువు పోయింది, పొలం పోయింది. మ్యాపులో ఆ ప్రాంతం పేరే మారిపోయింది. ఆ పేరు ఒక్కచోట మిగిలింది, ఎరుపు-పసుపు చొక్కాలు వేసుకుని మైదానంలో పరుగెత్తే పదకొండు మందికి. శరణార్థి కాలనీలో రేకుల కింద బతుకుతున్న మనిషికి ఆ జట్టు గెలుపు ఏమిటో చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఈ జట్టు గెలిస్తే మార్కెట్‌లో ఇలిష చేప, దీని పోటీ జట్టు మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య అని కోల్‌కతాలో ఇప్పటికీ అంటారు. మనం పులస గురించి మాట్లాడినంత ప్రేమగా వాళ్లు ఇలిష గురించి మాట్లాడతారు కాబట్టి ఆ రుచి మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఫుట్‌బాలే ఎందుకు? క్రికెట్ మీద నాకు కోపం లేదు, ఉప్పల్‌కు నేనూ వెళ్తాను. కానీ ఫుట్‌బాల్‌లో గోల్ అపురూపం. తొంభై నిమిషాలు ఎదురుచూస్తే ఒకటి వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. ఓవరుకూ ఓవరుకూ మధ్య ఊపిరి పీల్చుకునే సందు లేదు, ప్రకటన లేదు. నీళ్ల కోసం లేచి వెళ్తే ఏమవుతుందోనని దాహంతోనే కూర్చుంటాం. అంతసేపు బిగబట్టింది ఒక్క క్షణంలో విడుదలైతే పక్కనున్న మనిషిని పట్టుకోకుండా ఉండలేం. ఇంకొకటి, బలహీనమైన జట్టు ఎనభై నిమిషాలు కాచుకుని ఒక్క గోల్‌తో గెలవగలదు. బలవంతుడి చేతిలో రోజూ ఓడే మనిషికి ఆ ఒక్క అవకాశం ఎంతో చెప్పలేను.

అలాగని గెలుపు కోసమే ఎవరూ అభిమాని కారు. బోనాలప్పుడు మా బస్తీలో చూడండి. పక్క బస్తీ గుడి పెద్దది, జాతర పెద్దది. అయినా మా ఇంటి బోనం మా మైసమ్మకే. ఆ అమ్మ ఎక్కువ మహిమ గలది కదా, అక్కడికెందుకు పోరు అని ఎవరూ అడగరు. అడగరాదని అందరికీ తెలుసు. హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది, పట్టికలో అట్టడుగున నిలిచింది. మా నాన్న ఒక్క మ్యాచ్ వదల్లేదు.

ఆ తర్వాత కరోనా వచ్చింది. రెండు సీజన్లు అన్ని జట్లూ గోవాలోనే, దాదాపు ఎప్పుడూ ఖాళీ స్టేడియాల్లోనే ఆడాయి. మన జట్టు ఎదిగింది మన కళ్ల ముందు కాదు, ఫోన్ తెర మీద. 2022 మార్చి 20, ఆదివారం, గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. మళ్లీ కేరళే. నేను, నా కూతురు, నాన్న తార్నాకలో తెలిసిన చాయ్ దుకాణంలో కూర్చున్నాం. ఇంట్లో చూస్తే చాలదనిపించింది, నలుగురి మధ్య ఉండాలనిపించింది. ఉస్మానియా బిస్కెట్ల సీసాకు ఫోన్ ఆనించి పెట్టాడు దుకాణం అబ్బాయి. 68వ నిమిషంలో కేరళ గోల్. నాన్న చాయ్ మీద మీగడ కట్టింది, తాగలేదు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టాడు. సీసా ఊగి ఫోన్ బోర్లా పడింది. అబ్బాయి దాన్ని ఎత్తేసరికి స్కోరు 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఇండియన్ సూపర్ లీగ్ కప్పు హైదరాబాద్‌ది.

కట్టిమణి, తవోరా ఇద్దరూ గోవా వాళ్లు. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఓగ్బెచే నైజీరియా వాడు. కోచ్ మనోలో స్పెయిన్ వాడు. ఒక్కరికీ తెలుగు రాదు. కానీ ఆ రాత్రి తార్నాక చౌరస్తాలో ఎవర్ని అడిగినా "మనోళ్లే" అనేవారు. ఎందుకంటే ఆటగాళ్లు వస్తారు, పోతారు. కోచ్ మారతాడు. యజమాని కూడా మారతాడు. మారకూడనివి మూడే, పేరు, రంగు, ఊరు. వాటిని పట్టుకునే మేం ఉంటాం.

2025లో ఆ జట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు మారింది. నష్టాలో, స్టేడియం ఇబ్బందులో, లీగు ఇబ్బందులో, కారణాలు ఉంటాయి. ఎవరిది తప్పని తేల్చడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ వార్త చదివిన సాయంత్రం నేను బీరువా తెరిచి నాన్న పసుపు జెర్సీ కనపడకుండా నా పెళ్లి సూటు కింద దాచాను, అంతే చెబుతాను. అప్పుడే ఇంకొకటి కూడా తట్టింది. 2019లో మనకు చోటు దొరికింది పుణె జట్టు మూతపడినందుకు. గచ్చిబౌలిలో మేం కేకలు వేస్తున్న సాయంత్రం పుణెలో ఎవరో ఇలాగే జెర్సీ మడిచి దాచుకుని ఉంటారు. ఆ సంగతి అప్పుడు నా తలపుకే రాలేదు. వాళ్లకు నేను క్షమాపణ చెప్పుకోవాలి.

క్రికెట్‌లోనూ మనకిది జరిగింది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012తో అంతరించింది. కానీ మరుసటి సీజన్‌కే ఇంకో జట్టు వచ్చింది. ఫుట్‌బాల్‌లో ఆ చోటు ఖాళీగానే ఉంది. దాని కింది స్థాయి ఐ-లీగ్‌లో ఆడుతూ వచ్చిన మన ఊరి జట్టు శ్రీనిధి దక్కన్ మీద నాకు గౌరవం ఉంది, వాళ్ల మ్యాచ్‌లకూ వెళ్లాను. కానీ కోల్‌కతాతో, కొచ్చితో, బెంగళూరుతో పెద్ద లీగులో తలపడే హైదరాబాద్ ఇవాళ లేదు. 2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్ వచ్చిన రోజు ఆ గేట్ల బయట జనాన్ని చూడండి, ఈ ఊరికి ఆకలి లేదని అనరు. నా కూతురికి పదహారేళ్లు. లండన్ జట్టు ఆర్సెనల్ మ్యాచ్ కోసం అర్ధరాత్రి ఒకటిన్నరకు అలారం పెట్టుకుని లేస్తుంది, అమ్మ నిద్ర చెడకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకుని చీకట్లో చూస్తుంది. లండన్ ఊరితో నీకేం సంబంధమే అని ఒకసారి అడిగాను. "ఇక్కడున్నది పోయింది కదా నాన్నా" అంది. ఆ అమ్మాయి ప్రేమ నిజం. కానీ గెలిచిన రాత్రి పరుగెత్తుకెళ్లి చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడు.

లండన్‌లోనే వింబుల్డన్ అనే పేటలో 1889 నాటి జట్టొకటి ఉండేది. 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఇంగ్లండులో పేరున్న ఎఫ్ఏ కప్పు గెలిచింది. 2002 మే నెలలో ముగ్గురు సభ్యుల కమిషన్, 2-1 మెజారిటీతో, ఆ జట్టు మిల్టన్ కీన్స్ అనే దూరపు ఊరికి వెళ్లొచ్చని అనుమతించింది. అభిమానులు 'వింబుల్డన్ టౌన్' లాంటి పేరుతో మళ్లీ క్లబ్బు పెట్టుకోవడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మంచిది కాదని కూడా రాసింది. అభిమానులు కొన్ని వారాల్లోనే క్లబ్బు పెట్టుకున్నారు. వింబుల్డన్ కామన్ అనే పచ్చిక బయలులో, ఎవరైనా రావచ్చని చెప్పి ఆటగాళ్లను ఎంపిక చేశారు. చిన్న చిన్న గ్రౌండ్ల లీగులో మొదలుపెట్టి, 2011లో వృత్తి జట్లు ఆడే ఫుట్‌బాల్ లీగుకు ఎక్కారు. 2020 నవంబరులో తమ పాత ప్లౌ లేన్ వీధిలోనే కొత్త స్టేడియంలో ఆడారు. పద్దెనిమిదేళ్లు పట్టింది. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది. వాళ్లకు కావలసింది ఫుట్‌బాల్ చూడటమొక్కటే అయితే లండన్‌లో జట్లకు కొదవా?

అభిమానంలో చీకటి కూడా ఉంది, అది దాచను. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో గొడవ, తొక్కిసలాట జరిగి 16 మంది చనిపోయారు. ఆట చూడ్డానికి వెళ్లి ఇంటికి రానివాళ్లు. అందుకే చెబుతున్నాను, టికెట్లమ్మి ఊరుకోకండి. గేట్లు ఎన్ని, దారులు ఎంత వెడల్పు, ఎదుటి జట్టు జనం ఎటు నుంచి బయటికి వెళ్తారు, ఇవన్నీ మొదటి విజిల్‌కు ముందే తేల్చుకోండి. స్టాండులో ఎదుటివాణ్ణి కులంతోనో మతంతోనో తిట్టినవాణ్ణి మొదటిసారే బయటికి పంపించండి. నా కూతురు భయం లేకుండా కూర్చోగలిగితేనే అది "మన" స్టాండు.

నేను మిమ్మల్ని అడిగేది కష్టమైనది కాదు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగం కన్నా ఎక్కువ సభ్యుల చేతిలో ఉండాలన్నది సాధారణ నియమం. బెర్లిన్‌లో యూనియన్ అనే క్లబ్బుకు 2008-09లో స్టేడియం బాగుచేసుకునే డబ్బు లేకపోతే రెండు వేల మందికి పైగా అభిమానులు తామే సిమెంటు కలిపారు, మెట్లు పోశారు, సుమారు లక్షా 40 వేల గంటలు పనిచేశారు. మా తాతలాంటివాళ్లే అనుకుంటాను. ఇంగ్లండు 2025లో చట్టమే చేసింది. ఇకమీదట క్లబ్బు వాళ్లు ఊరు మార్చాలన్నా, స్టేడియం అమ్మాలన్నా నియంత్రణ సంస్థ అనుమతి కావాలి, అభిమానులను అడగాలి. మీరు అంత దూరం వెళ్లకపోయినా సరే, మీ క్లబ్బు నియమావళిలో ఒక్క వాక్యం రాయండి. పేరు, రంగు, ఊరు మార్చాలంటే సీజన్ టికెట్ ఉన్నవాళ్ల ఓటు కావాలని రాయండి. నష్టం వచ్చి అమ్ముకోవలసి వస్తే ముందుగా మాకు చెప్పండి. మేం చందాలు ఎత్తగలమో లేదో తర్వాతి మాట, మమ్మల్ని అడిగారన్నది మిగులుతుంది.

ఒక స్టాండులో టికెట్ ధర వర్క్‌షాపు కార్మికుడు ఇద్దరు పిల్లలతో రాగలిగేలా ఉంచండి. బార్కస్‌లో పిల్లలు ఇవాళ్టికీ సాయంత్రం బంతే ఆడతారు, అక్కడికి వెళ్లి చూడండి. బొల్లారం, అమ్ముగూడ, పాతబస్తీ గల్లీల్లో వెతకండి. వాళ్లలో ఒక్కడు పెద్ద జట్టులో ఆడినా ఆ బస్తీ మొత్తం స్టేడియానికి నడుచుకుంటూ వస్తుంది. గంటకు ఇంతని డబ్బు కట్టి టర్ఫులో ఆడే పిల్లలు మంచివాళ్లే, కానీ సైకిల్ అద్దెకు రూపాయి లేని పిల్లవాడు అక్కడ దొరకడు.

నాన్నకు ఇప్పుడు ఎనభై ఒకటి. మతిమరుపు పెరిగింది. జట్టు వెళ్లిపోయిన సంగతి మూడుసార్లు చెప్పాం, మూడుసార్లూ కొత్తగా విన్నట్టే బాధపడ్డారు. ఇక చెప్పడం మానేశాం. శనివారం సాయంత్రం అయ్యేసరికి గడ్డం గీసుకుని "ఇయాళ మనోళ్ల మ్యాచ్ ఉందారా?" అని అడుగుతారు. వచ్చే వారం నాన్నా అంటాను.

జట్టు పెట్టిన రోజు ఎలాగూ పేపర్లో వస్తుంది, మాకు తెలుస్తుంది. మొదటి మ్యాచ్‌కు మూడు టికెట్లు డబ్బిచ్చే కొంటాను. ఆయన ఎక్కువ మెట్లు ఎక్కలేరు. కింది వరుసల్లో, చేతికర్ర ఆనించుకోవడానికి ముందు కమ్మీ ఉండే చోట ఇప్పించండి, చాలు.

ఇట్లు,
మెట్టుగూడ నుంచి ఒక అభిమాని